మాబున్ని పరుపు, బాలన్న గురక

మాబున్ని కుట్టిన పరుపు మీద పడుకుని ఎవరైనా నిద్ర పట్టలేదంటే, తప్పు ఆ మనిషి మనసులో ఉంది గాని పరుపులో లేదని ఆమె గట్టి నమ్మకం. ఆ మాట మొహం మీదే అంటుంది. మా ప్రొద్దుటూరులో ఒక బంగారంగడాయన వచ్చి, "వారం నుంచి నిద్ర ల్యా మాబున్నీ" అంటే, "ఎవురికో తరుగు తప్పుడు లెక్క చెప్పింటావు, గుర్తు తెచ్చుకో పో" అని పంపించింది. ఆయన మళ్ళీ రాలేదు. నిద్ర పట్టిందో, సిగ్గుపడ్డాడో నాకు తెలియదు.

నా పేరు సురేంద్ర. తాసిల్దారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద ఇరవై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. నా పక్క అంగడే ఆమెది. నేను రాసిన అర్జీ చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆఫీసర్లు ఉన్నారు. ఆ సంగతి మాబున్నికి చాలాసార్లు చెప్పాను. "నీ అర్జీ శానా పొడుగప్పా, అందుకే ఏడ్సింటాడు" అంటుంది.

వాళ్ళది దూదేకుల ఇల్లు. ఆమె నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఇప్పుడు ఆ పని మిషను చేస్తుంది. మిషనును లగేజీ ఆటోకు ఎక్కించి, తమ్ముడు నబీ రసూల్ తోలుతుంటే, మాబున్ని కుట్టించుకునేవాళ్ళ ఇంటికే పోయి, వాళ్ళ కళ్ళ ముందే దూది ఏకి పరుపు కుట్టి ఇస్తుంది. మొగుడు కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకొకసారి వస్తాడు, వచ్చిన మొదటి రెండు రోజులూ పరుపు దిగడు.

పరుపు కుట్టడం అయిపోయాక ఆమె చేసే పని ఒకటుంది, అది చూడాలి. పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఒక అరచేయి మీద ఇంకో అరచేయి పెట్టి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా వేసి, కుట్ల మధ్య ఉన్న గడిగడినీ నొక్కుతుంది. నొక్కితే రెండంగుళాలు దిగాలి, వదిలితే తిరిగి లేవాలి. "దిగకపోతే బండ, లేయకపోతే బొంత" అనేవాడట వాళ్ళ నాయన. లేవని గడి కనబడితే కుట్టు విప్పి మళ్ళీ దూది కూరుతుంది, కుట్టించుకునేవాళ్ళు వద్దన్నా సరే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పరుపు ఎవరి కోసం కుట్టారో వాళ్ళే మొదట పడుకోవాలి. అంతదాకా ఎవరూ కూర్చోను కూడా కూర్చోకూడదు. ఒకసారి పిల్లి ఎక్కి పడుకుందని, ఆ ఇంటామె మొత్తుకుంటున్నా వినకుండా గలీబు విప్పి మళ్ళీ కుట్టింది. ఈ కట్టుబాటును ఆమె కెరీర్ మొత్తం మీద దాటిన మనిషి ఒక్కడే. వాడే బాలన్న.

బాలన్న పులివెందులకు అవతల ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. అరవై దగ్గర పడింది. పెండ్లాము చిన్నసుబ్బమ్మకు నడుం నొప్పి. మంచి బూరుగు దూది పరుపు కుట్టించుకోమని డాక్టరు చెప్తే, ఆమె మాబున్నికి కబురు పెట్టింది. పోయిన ఫాల్గుణంలో ఒకనాటి పొద్దున మాబున్ని, నబీ రసూల్ మిషనుతో సహా ఆ ఇంటి ముందు దిగారు.

పని జరుగుతున్నంతసేపూ బాలన్న పంచలో కూర్చుని ఎకసెక్కాలు ఆడుతూనే ఉన్నాడు. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్యారు పెద్దోళ్ళు. నేను బండ మీదైనా పండుకుంటా. దూది మీద పండుకుంటే మనిషి సోమరి అయితాడు బూబమ్మా."

"నువ్వు పండుకునేది యాడుంది? ఇది చిన్నసుబ్బమ్మది" అంది మాబున్ని దబ్బనం నోట్లోంచి తీసి.

పరుపు అయింది. గడిగడీ నొక్కి చూసి, పంచలో నులక మంచం మీద పరిచింది. కాళ్ళు కడుక్కుని వస్తానని చిన్నసుబ్బమ్మ పెరట్లోకి పోయింది. ఆ సందులో బాలన్న లేచి, ఛాతీ రుద్దుకుంటూ, "ఏందో అలుపుగా ఉంది, ఊరికే నడుం వాలుస్తా" అని పరుపు మీద పడుకున్నాడు.

మాబున్ని తిట్లు మొదలుపెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. అంతలో ఇల్లంతా వినబడేలా ఒక పెద్ద గురక వచ్చింది.

ఇక ఆమె సంతోషం చూడాలి. తిట్లన్నీ మింగేసింది. "నబీ, ఫోన్ తియ్రా. వీడియో పట్టు. నిద్ర సుఖమెరగదన్యాడు గదా, తల పెట్టి పది లెక్కపెట్టకముందే గురక పెడతాండాడు సూడు" అంది. నబీ రసూల్ వీడియో పట్టాడు. అది ముప్పై ఎనిమిది సెకన్లుంది, నేను చూశాను. అందులో మాబున్ని మంచం పక్కన నిలబడి, గెలిచిన మనిషిలా నడుం మీద చేతులేసుకుని నవ్వుతూ పరుపు గొప్ప చెప్తుంటుంది. వెనక బాలన్న గురక ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఇంకా ఆలస్యంగా మూడోది. నాలుగోది రాలేదు. "ఏంది, నిలబడిపాయె?" అని ఆమె వెనక్కి తిరిగేదగ్గర వీడియో తెగిపోయింది.

తట్టింది, పలకలేదు. గిల్లింది, కదల్లేదు. నబీ రసూల్ అంబులెన్సుకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి అక్క చేతికిచ్చాడు. అవతల ఒక ఆడపిల్ల గొంతు. ఊరు, గుర్తులు అడిగి బండి పంపింది. తర్వాత, "ఆయన ఊపిరి తీసుకుంటున్నారా అమ్మా?" అని అడిగింది.

"గురక పెడతా ఉన్యాడు. ఉండుండి వస్తాంది." అప్పుడే నాలుగోది వచ్చింది. ఫోన్లో ఆ పిల్లకు కూడా వినబడింది.

అంతవరకూ పుస్తకంలో మాటలు మాట్లాడిన ఆ గొంతు ఒక్కసారిగా మా పక్క మాటలోకి దిగింది. "అది గురక గాదమ్మా. గుండె నిలబడితే అట్ల వస్తాది. ఆయన్ని కింద నేల మీదికి దింపండి, బిరీన."

"నేల దేనికి? పరుపు మీదే ఉండనీ, మెత్తగా ఉంటాది."

"మీరు నొక్కితే పరుపు దిగుతాదా?"

"రెండంగుళాలు దిగుతాది" అంది మాబున్ని. ఆ స్థితిలోనూ ఆ మాట గర్వంగానే అందని నబీ రసూల్ చెప్పాడు.

"అయితే పరుపే దిగుతాది, ఆయన రొమ్ము దిగదు. దింపండమ్మా."

దింపారు. ఛాతీ నడిమధ్యన అరచేయి పెట్టి, దాని మీద ఇంకో అరచేయి పెట్టమంది ఆ పిల్ల. మోచేతులు వంచొద్దంది. రెండంగుళాలు దిగాలంది, తిరిగి లేచేదాకా ఆగి మళ్ళీ నొక్కమంది. "అది నాకు తెలుసులే పాపా" అంది మాబున్ని. నలభై ఏళ్ళుగా చేస్తున్న పని అది, ఇప్పుడు దూదికి బదులు మనిషి. వేగం ఒక్కటే తెలియదు. పరుపును తీరిగ్గా నొక్కేది. ఆ పిల్ల ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సెకనుకు దాదాపు రెండు లెక్కన తరుముతుంటే చేతులు అందుకున్నాయి.

నబీ రసూల్ బండికి దారి చూపించడానికి ఆటో ఎక్కి రోడ్డు మీదికి పోయాడు. మిషను దింపడం మర్చిపోయాడు. అందులో మిగిలిన దూది దారి పొడుగునా ఎగిరింది. అంబులెన్సు డ్రైవరు ఆ దూది చూసుకుంటూనే ఇల్లు పట్టుకున్నాడు.

తడి కాళ్ళతో పరిగెత్తుకొచ్చిన చిన్నసుబ్బమ్మ ముందు కూలబడింది. "రెండు నిముషాలకొకరు మారాల, అలిసిపోతే నొక్కుడు తగ్గుతాది" అని ఫోన్లో పిల్ల అనగానే లేచి వంతు అందుకుంది. నొక్కుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ తిడుతోంది. "నా పరుపు మీద నువ్వెందుకు పండుకుంటివి? నేను పండుకోకముందే నువ్వెందుకు పండుకుంటివి?" ఫోన్లో పిల్ల ఆ తిట్ల మధ్యనే లెక్క తప్పకుండా చెప్తూ పోయింది.

పద్నాలుగు నిముషాలు. బండివాళ్ళు వచ్చి కరెంటు షాకు ఇచ్చారు. గుండె అందుకుంది. పులివెందులకు, అక్కణ్ణించి కడపకు తీసుకుపోయారు, స్టెంటు వేశారు. మూడో రోజు కళ్ళు తెరిచిన బాలన్న అడిగిన మొదటి మాట, "నా పక్కటెముకలు ఎవురిరిచినారు?" అని. చిన్నసుబ్బమ్మ, "రెండు నేను, ఒగటి మాబున్ని" అని చెప్పిందట.

ఇంతవరకూ అంతా సంబరమే. మాబున్ని ఈ కథను మా వీధిలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా పద్నాలుగు నిముషాలు కాస్తా పెరుగుతూ వచ్చి, ఇరవై దగ్గర నేను ఆపాను.

పదో రోజున అక్కాతమ్ముళ్ళు అంగట్లో ఉండగా నబీ రసూల్ ఫోన్ మోగింది. అదే గొంతు. పేరు భువనేశ్వరి, సొంతూరు ఖాజీపేట. "నంబరు రాసి పెట్టుకుంటి పిన్నీ. తప్పే. కానీ ఆయన బతికినాడో లేదో తెలీక నిద్ర పట్టల్యా."

బతికాడని మాబున్ని చెప్పింది. అవతల చాలాసేపు ఏడుపు వినబడింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆ ఫోను కేంద్రం నడిపే కంపెనీకి ఒక రూలుంది. బండి పంపాక తొంభై సెకన్లలో ఫోను పెట్టెయ్యాలి. ఇంకొకరి ఫోను అందకుండా పోకూడదని ఆ రూలు, అందులో న్యాయం లేకపోలేదు. భువనేశ్వరి పద్నాలుగు నిముషాలు లైను పట్టుకుంది. నోటీసు ఇచ్చి, అది తేలేదాకా ఇంటికాడ ఉండమన్నారు. తేలేది ఉద్యోగం పోవడంతోనే అని అక్కడ అందరికీ తెలుసు.

"ముందు మూడుసార్లు ఇట్లాంటివే వచ్చినాయి పిన్నీ. రూలు ప్రకారం తొంభై సెకన్లకే పెట్టేస్తి. వాళ్ళేమైనారో ఈరోటికీ తెలీదు. నాలుగోసారి చెయ్యి రాల్యా" అంది.

మాబున్ని ఆ రోజు పరుపు కుట్టలేదు. నా అంగట్లోకి వచ్చి కూర్చుంది. నాకు ఆమె మీద ఉన్న గౌరవం మొదటిసారి బయటికి చెప్పాలనిపించింది. చెప్పలేక టీ తెప్పించాను.

దారి చూపించింది మాత్రం నేనే, ఆ మాట నేను చచ్చినా వదులుకోను. పేపర్లో ఒక ప్రకటన చూశాను. అత్యవసర ఫోన్ల మీద శాసనసభలో ఒక బిల్లు పెట్టబోతున్నారు. దాని మీద జనం మాట వినడానికి సభా సంఘం జమ్మలమడుగుకు వస్తోంది. చిత్తు ప్రతి తెప్పించి చదివాను. ఫోను అందుకునేవాళ్ళకు శిక్షణ ఇచ్చి తీరాలి, గుండె ఆగిన మనిషి దగ్గర ఉన్నవాళ్ళకు బండి వచ్చేదాకా ఫోన్లో నొక్కుడు చెప్పి తీరాలి, దానికి సరిపడా మనుషుల్ని పెట్టాలి, అలా చెప్పినందుకు ఎవరినీ శిక్షించకూడదు. భువనేశ్వరి కోసమే రాసినట్టుంది. నేను రెండు రాత్రులు మేలుకుని నాలుగు పేజీల అర్జీ రాశాను. "దయార్ద్రహృదయులైన" అని మొదలవుతుంది.

మాబున్ని ఆ రెండు రోజులూ వేరే పని చేసింది. బాలన్న పాత చొక్కా తెప్పించి, లోపల కొబ్బరి పీచు, చుట్టూ దూది కూరి, చేతులూ తలా లేని ఒక మొండెం కుట్టింది. నొక్కితే రెండంగుళాలు దిగుతుంది, వదిలితే లేస్తుంది. నూటికి పైగా నొక్కుళ్ళు నొక్కి సరిచూసింది. దానికి బాలన్న తమ్ముడని పేరు పెట్టాం.

జమ్మలమడుగు కల్యాణ మండపంలో సభ. నబీ రసూల్ తోలిన లగేజీ ఆటోలోంచి బాలన్న, బాలన్న తమ్ముడు, చిన్నసుబ్బమ్మ, మాబున్ని, నేను దిగాం. వేదిక మీద సంఘం అధ్యక్షురాలు, నలుగురు సభ్యులు. మాకంటే ముందు ఫోను కేంద్రం మేనేజరు మాట్లాడాడు. భువనేశ్వరి నోటీసు మీద సంతకం చేసింది ఆయనే. మర్యాదస్తుడే, గట్టిగా కూడా మాట్లాడలేదు. "మంచి ఉద్దేశమే మేడం. కానీ పల్లెటూళ్ళలో జనం భయపడిపోయి ఉంటారు. ఫోన్లో చెప్తే చేయలేరు. లైన్లు ఊరికే బిజీ అవుతాయి. టౌన్లకు పెట్టండి, పల్లెలకు ఆ సెక్షను తీసేయండి" అన్నాడు. ఇద్దరు సభ్యులు తలూపారు.

మాబున్ని పేరు పిలిచారు. నా అర్జీ ఆమె చేతిలోనే ఉంది. అప్పటికి దాన్ని నాలుగు మడతలు పెట్టి విసురుకుంటోంది.

ముందు నబీ రసూల్ చేత వీడియో పెద్ద తెర మీద వేయించింది. బాలన్న మొదటి గురకకు సభంతా నవ్వింది. రెండోదానికి కొందరు నవ్వారు. మూడోది వచ్చేలోపల ఎవరూ నవ్వలేదు.

"ఆయప్ప సచ్చిపోతాంటే నేను నగుతాండా సూడండి" అంది మాబున్ని. "నా పరుపు గొప్ప అనుకుంటి. ఫోన్లో ఆ పాప లేకుంటే ఇంగా నగుతూనే ఉండేదాన్ని. సారు చెప్పినట్ల మేం భయపడినాం. నిజమే. ఆ పాప భయపడల్యా, ఆ పాప చెప్పింది మేం చేసినాం." తర్వాత మొండాన్ని వేదిక ముందు బండల మీద పడుకోబెట్టింది. "సారూ, మీరు సదువుకున్నోళ్ళు. ఫోన్లో చెప్తే చేతనైతాదో ల్యాదో ఒగసారి మీరే సూడండి."

అధ్యక్షురాలికి ముచ్చట వేసింది. "రండి, మేమూ చూస్తాం" అంది. మేనేజరు గడియారం విప్పి జేబులో పెట్టుకుని, మొహమాటంగా నవ్వుతూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మాబున్ని భువనేశ్వరికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. "పాపా, ఈడ ఒగాయన పడిపోయినాడు. ఊపిరి ల్యా. ఇంగొగాయన నొక్కేదానికి కూర్చున్యాడు. నువ్వు చెప్పు."

"బండికి చెప్పినారా పిన్నీ?"

"అది నేను సూసుకుంటా, నువ్వు లెక్క చెప్పు."

ఆ పిల్లతో అబద్ధం ఎందుకాడావని తర్వాత అడిగాను. "అబద్ధం యాడుంది? పడిపోయిందా ల్యాదా? దూదికి ఊపిరి ఉంటాదా?" అంది.

లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మేనేజరు నొక్కాడు. మొదట్లో మోచేతులు వంగాయి. "మోచేతులు వంచొద్దు సార్. గట్టిగా, వేగంగా" అంది ఫోను. సరిచేసుకున్నాడు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న బాలన్న, "శానా మెత్తగా నొక్కుతాండావు సారూ. ఇట్లయితే నేను ఎప్పుడో పోయింటా" అన్నాడు. సభ పగలబడి నవ్వింది, అధ్యక్షురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనేజరు కూడా నవ్వాడు గాని చేతులు ఆపలేదు. నిముషం దాటేసరికి చొక్కా తడిసింది. రెండో నిముషానికి నవ్వడానికి ఊపిరి చాల్లేదు.

"ఆపొచ్చా?" అని అడిగాడు ఫోనును.

"బండి వచ్చిందా సార్?"

ఆయన తలెత్తి గుమ్మం వైపు చూశాడు. "లేదు."

"అయితే ఆపొద్దు సార్. నేను ఫోన్ పెట్టను, మీరు చెయ్యి తీయొద్దు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది."

ఆయన ఆపలేదు. ఇక చాలని ఎవరూ అనలేదు. చివరికి మాబున్నే ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "జరుగు సారూ, నా వంతు" అంది. ఆయన పక్కకు జరిగి బండల మీదే కూలబడి, ఫోన్ దగ్గరికి వంగాడు.

"భువనేశ్వరీ, నేనమ్మా, మేనేజర్ని."

అవతల లెక్క ఆగింది. ఆ ఒక్క క్షణం ఆ పిల్ల ఏమనుకుని ఉంటుందో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. కానీ ఆమె అడిగింది వేరే.

"సార్, ముందు ఆయనకు ఊపిరి వచ్చిందా?"

మేనేజరు తలెత్తి బాలన్న వైపు చూశాడు. ఆ పిల్ల బాలన్న గొంతు ఏనాడూ వినలేదు, విన్నది ఆ గురక ఒక్కటే. కుర్చీలోంచి మెల్లగా లేచి, విరిగిన పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, బాలన్న ఫోన్ దగ్గరికి వచ్చి వంగాడు.

"వచ్చింది పాపా. తీస్తాండా. నేను బాలన్నను."

బిల్లు ఇంకా సభలోనే ఉంది, చట్టం కాలేదు. పల్లెల సెక్షను తీసేయమని మాత్రం ఆ తర్వాత ఎవరూ అడగలేదు. సభ ముగిశాక మేనేజరు నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం రాసిపెట్టమన్నాడు. నొక్కీ నొక్కీ చేతులు వణుకుతున్నాయి, పెన్ను నిలవడం లేదు. ఆయన చెప్పాడు, నేను రాశాను. "మీకిచ్చిన నోటీసు వెనక్కి తీసుకున్నాము. రేపటి నుంచి డ్యూటీకి రండి." కింద ఆయన పెట్టిన సంతకం గీతలు గీతలుగా పోయింది. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన వాటిలో అదే అన్నిటికన్నా చిన్న కాగితం. మాబున్ని దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"ఇట్ల రాయొచ్చు గదప్పా మొదట్నించి" అని, ఫోటో తీసి ఖాజీపేటకు పంపించింది.